కుంకుమ లేని భరిణె

నేను ఒక లక్క భరిణెను. ఏటికొప్పాకలో ఒక పెద్దాయన తిరిగే మర మీద అంకుడు కర్రను చెక్కి, ఆ రాపిడి వేడికే ఎర్ర లక్క అద్ది నన్ను చేశాడు. మూత గట్టిగా బిగిసేలా చేసి మురిసిపోయాడు. నర్సీపట్నం దుకాణంలో ఒక టీచరమ్మ ముచ్చటపడి నన్ను కొంది, బీరువాలో పెట్టి మరిచిపోయింది, చివరికి తన బడిలో వంట చేసే హైమావతికి పేరంటంలో ఇచ్చేసింది. మనుషులు తమకు అక్కరలేనివి ఎంత ప్రేమగా ఇస్తారో నాకు అప్పుడే తెలిసింది.

హైమ నాలో కుంకుమ పోయలేదు. అట్టలోంచి మాత్రలు ఒలిచి, మందు పేరున్న ఆ అట్టను పొయ్యిలో వేసి, మాత్రలు నాలో దాచింది. నాలుగేళ్ల కిందట ఆమెకు ఎవరూ లేనిచోట గొంతులు వినిపించేవి. డాక్టరు దాన్ని స్కిజోఫ్రెనియా అన్నాడు. మాత్రలతో గొంతులు ఆగాయి. కానీ జబ్బు పూర్తిగా పోయిందని, మందులు మానేశానని అందరితో చెప్పింది. ఆమె లెక్కలో మాత్ర మింగినన్నాళ్లూ పిచ్చిదే. ఇంట్లో నన్ను ఎవరూ తెరవరు. అత్త సీతాలమ్మ భర్త పోయినావిడ, కుంకుమ జోలికి రాదు. మగవాళ్లకు నాతో పని లేదు. రోజూ ఉదయం వెనక్కి చూసుకుంటూ హైమ మూత తీసేది.

శ్రావణ శుక్రవారం సాయంత్రం పేరంటం పెట్టింది. హైమ శనగలు తేవడానికి వంటగదిలోకి వెళ్లింది. పేరంటాళ్లకు ఆలస్యమవుతోంది. సీతాలమ్మ బొట్టు పెట్టకూడదు కాబట్టి, బడిలో హైమతో కలిసి వండే చిలకమ్మ తానే లేచి, గూట్లో కనిపించిన నన్ను అందుకుంది. వద్దని అరవడానికి నాకు నోరు లేదు. మూత తీసి వేలు పెట్టింది.

“హైమా, ఇయ్యేటే?”

తలనొప్పి మాత్రలంటే సరిపోయేది. పళ్లెంతో గుమ్మంలో నిలబడిపోయిన హైమ అంది, “నాను పిచ్చిదాన్నొదినా. ఆటికే మింగుతన్నాను.”

ఆ మాట ఆ గదిలో ఇంకెవరూ అనలేదు. చిలకమ్మ నన్ను మూసి, దేవుడి దగ్గర కుంకుమ తెచ్చి అందరికీ బొట్టు పెట్టింది.

శనివారం, సోమవారం హైమ బడికి వెళ్లలేదు. నన్ను తెరవలేదు. సోమవారం సాయంత్రం ఖాళీ వంటగదిలో ఉన్నట్టుండి తల తిప్పి, “ఎవులు?” అంది. నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

మంగళవారం పొద్దున చిలకమ్మ వచ్చింది. “రెండ్రోజులై నానే సాంబారు కాస్తన్నాను. నూతినీల్లనాగుందని పిల్లలు ఎక్కిరిస్తన్నారు. నెగు, బడికెల్దాం.”

“నా సేతి కూడు ఎవులు తింటారొదినా?”

“తిననోల్లు తినరు. నీకు అబద్ధం సెప్పను. పేరంటానికొచ్చిన పార్వతి, నువ్వొండితే దాని కూతురికి కేరేజీ కట్టి అంపుతానంది. మిగతావోల్లకి ఆకలే తప్ప మరేటీ తెల్దు.”

హైమ లేచి వచ్చి నా మూత తీసింది. చిలకమ్మ చూస్తుండగానే మాత్ర మింగి బయలుదేరింది.

ఆ పగలంతా నేను గూట్లో బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. సాయంత్రం హైమ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

“పార్వతి కూతురు గిన్నె సాపి సాంబారడిగిందత్తా.”

“పోసినావా?”

“నేదు. నాకే బయమేసింది. దానికేటన్నా అయిపోతాదేమోనని. సిలకొదిన్ని పొయ్యమన్నాను.”

పిల్ల భయపడలేదు, హైమ భయపడింది. ఎవరూ లాక్కోని గరిటెను తన చేతిలోంచి తానే లాక్కుంది.

సీతాలమ్మ చేటలో బియ్యం ఏరుతూనే అడిగింది, “రేపడిగితేనో?”

హైమ లేచి వచ్చి నన్ను తెరిచి, రేపటి మాత్ర ఉందో లేదో చూసుకుంది.