తివాచీ మీద నడక

చెప్పుల షాపులో తివాచీ మీద నడిచే హక్కు కొనేవాడిది. అమ్మేవాడిది కాదు. ఆ షాపులో మొదటి నుంచీ అదే పద్ధతి. గుమ్మం నుంచి నిలువుటద్దం దాకా పరిచిన తివాచీ మీద వచ్చినవాళ్లు కొత్త జోడు తొడుక్కుని అటూ ఇటూ తిరుగుతారు. సేల్స్‌మన్లు పక్కన బండల మీద నిలబడి చూస్తారు. "గిరాకీ నడిచే చోట మన కాలు పడకూడదు" అని యజమాని పెట్టిన నియమం అది. షాపులో అందరికన్నా పాత సేల్స్‌మన్‌ని అందరూ బాబాయ్ అంటారు. జుట్టు నెరిసేదాకా పనిచేసినా బాబాయ్ ఆ నియమం తప్పలేదు.

యజమానికి మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చున్నాక ఆయన అల్లుడు వచ్చాడు. వస్తూనే కొత్త సరుకు దింపి ప్రతి డబ్బా మీదా ఒక ఇంగ్లీషు మాట అంటించాడు. స్ట్రోల్, యాంబుల్, స్ట్రైడ్, ట్రడ్జ్. అన్నీ నడకలేనట.

"మనం చెప్పులు అమ్మట్లేదు బాబాయ్, నడక అమ్ముతున్నాం" అన్నాడు.

"నడక వాళ్ల కాళ్లకి ఉండనే ఉందిగా బాబూ. అది లేనోడు మన మెట్లెట్లా ఎక్కుతాడు?"

రెండో సేల్స్‌మన్ పొట్టోడు కిసుక్కున నవ్వాడు. అల్లుడు నవ్వలేదు. శనివారం పరీక్ష అన్నాడు. మాటలన్నీ అర్థాలతో చెప్పినవాళ్లు కింద షాపులో ఉంటారు, చెప్పలేనివాళ్లు పైన గోడౌనుకి పోతారు.

గోడౌను అంటే రేకుల కింద కొలిమి. అట్టపెట్టెల మధ్య కూర్చుని, కింద నుంచి కేకేసిన సైజు వెతికి, నేలకున్న కంతలోంచి కిందికి జారవిడవడమే పని. బాబాయ్‌కి చదువు లేదు, చేతిలో వేరే విద్య లేదు. నోరుంది, వచ్చినవాళ్లని నవ్వించి కూర్చోబెట్టే ఓపిక ఉంది. అట్టపెట్టెలకి జోకులు చెప్పుకుంటూ బతకమంటే ఎట్లా? ఆ రాత్రి కోపం దిగమింగుకుని, కాలేజీ చదువుతున్న కూతురి ముందు కూర్చున్నాడు.

"స్ట్రోల్ అంటే ఏంటి నాన్నా?"

"నడవడం."

"అన్నీ నడవడమే! ఎలా నడవడం?"

"కాళ్లతో."

కూతురు నెత్తి కొట్టుకుని లేచింది. వంటింటికీ ముందు గదికీ మధ్య నడిచి చూపించింది. "ఇదిగో, పనీపాటా లేకుండా గాలి పీల్చుకుంటూ పోతే స్ట్రోల్. ఇంకాస్త నిదానంగా, ఎక్కడికీ తొందర లేనట్టు పోతే యాంబుల్. ఇట్లా పెద్ద పెద్ద అంగలేస్తే స్ట్రైడ్."

"మరి ట్రడ్జు?"

"అది... ఒళ్లు హూనమై, కాళ్లీడ్చుకుంటూ నడవడం."

"మీ నాన్న షాపు నుంచి ఇంటికి రావడమన్న మాట" అంది పొయ్యి దగ్గర నుంచి భార్య.

"నీ నోట్లో మట్టి పడ!" అని ఎగిరాడు బాబాయ్. "నా కాళ్లీడ్పుకి కూడా పేరెట్టి డబ్బాలో పెట్టి అమ్ముతున్నాడా వాడు?"

అయినా నేర్చుకున్నాడు. పళ్లు తోముకుంటూ నేర్చుకున్నాడు, బస్సులో వేలాడుతూ నేర్చుకున్నాడు. కూతురు జాలిపడి షాపులో లేని మాటలు కూడా నాలుగు నేర్పింది.

శనివారం సాయంత్రం షాపు నిండుగా ఉంది. అల్లుడు ఆ వేళే పెట్టాడు పరీక్ష. పొట్టోడు నీళ్లు నమిలి ఎలాగో గట్టెక్కాడు. బాబాయ్ గుక్క తిప్పుకోకుండా అన్నీ అప్పజెప్పాడు.

"చెబితే చాలదు బాబాయ్. నడిచి చూపించండి."

"తివాచీ మీదా?"

"మరి గోడ మీదా?"

గిరాకీలు కాళ్లు జోళ్లలో సగం పెట్టి అలాగే చూస్తున్నారు. బాబాయ్ తివాచీ ఎక్కాడు. కింద ముళ్లున్నట్టే ఉంది. స్ట్రోల్ నడిచాడు, యాంబుల్ నడిచాడు, చేతులూపుతూ స్ట్రైడ్ కూడా నడిచాడు. ఆడించినట్టల్లా ఆడాడు.

"ఇక ట్రడ్జ్... అక్కర్లేదులే బాబాయ్. రోజూ పొద్దున్నే మీరు గుమ్మంలోకి వస్తుంటే చూస్తూనే ఉన్నాంగా!" అన్నాడు అల్లుడు.

షాపంతా ఘొల్లుమంది. క్యాషియర్ నవ్వాడు. పొట్టోడైతే స్టూలు పట్టుకుని మరీ నవ్వాడు. బాబాయ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. చర్మం ఊడిపోయే తిట్లు నోటి దాకా వచ్చాయి. కానీ ఆ పూట బుద్ధి గడ్డి తింది. వాడి ఇంగ్లీషుతోనే వాణ్ని కొట్టాలనిపించింది.

"ఇంకోటుంది బాబూ" అన్నాడు. "స్ట్రట్. మెడ నిక్కించి, రొమ్ము విరిచి, పుంజు తిరిగినట్టు తిరగడం. మామగారి షాపులో మీరు నడుస్తారు చూడండి, అదీ."

ఇక గోడౌనే అనుకున్నాడు బాబాయ్. అల్లుడు చప్పట్లు కొట్టాడు.

"సూపర్! విన్నారా అందరూ? యూసేజ్ అంటే ఇదీ!"

అని తనే తివాచీ ఎక్కి, రొమ్ము విరుచుకుని, అద్దం దాకా పుంజులా నడిచి వచ్చాడు. గిరాకీలు ఈలలేశారు. "బాబాయ్ కిందే ఉంటారు, బాబాయ్ మన స్టార్" అని భుజం తట్టాడు.

తేరగా దొరికిన కొట్టులో తైతక్కలాడే సన్నాసీ అని మన మాటలో అని ఉంటే వాడి మొహం మాడిపోయేది. ఇంగ్లీషులో అనేసరికి అది తిట్టు కాకుండా పోయింది, పాఠం అయింది. రాయి విసిరితే వాడు దాన్ని దండ చేసి మెళ్లో వేసుకున్నాడు.

"మరింకేం, కిందే ఉంచాడుగా! ఎందుకా రుసరుసలు?" అంది భార్య అన్నం పెడుతూ.

"నేను వాణ్ని తిట్టానే! అందరి ముందూ తిట్టాను!"

"తిట్టినా ఉంచాడంటే మంచోడే, పాపం."

బాబాయ్ కంచం తోసేసి లేచాడు.

మర్నాటి నుంచి అతని పేరు స్ట్రట్టు బాబాయ్. క్యాషియర్ అదే పిలుపు, పొట్టోడూ అదే. ఎవరైనా కాస్త డబ్బున్నట్టు కనబడితే చాలు, "బాబాయ్, సార్‌కి ఓసారి నడిచి చూపించండి" అని అల్లుడి కేక. నడిస్తే నవ్వేవాళ్లు. ఇంతకు ముందు అతని మాటలకి నవ్వేవాళ్లు, ఇప్పుడు అతన్ని చూసి నవ్వుతున్నారు. ఈ తేడా ఎవరికి చెప్పుకుంటాడు? పొట్టోడితో చెబితే, "నవ్వు నవ్వే కదా బాబాయ్" అన్నాడు వెధవ.

ఓ మధ్యాహ్నం ఒక నర్సమ్మ వచ్చింది. రోజంతా నిలబడే ఉద్యోగం, పాదాలు వాచిపోయి ఉన్నాయి. బాబాయ్ గొంతుక్కూర్చుని ఒక కాలికి జోడు తొడిగాడు.

"స్ట్రట్టు బాబాయ్!" అల్లుడి కేక. "మేడమ్‌కి ట్రడ్జ్ చూపించండి. భలే నడుస్తారు మేడమ్, చూడండి!"

బాబాయ్ తలెత్తలేదు. "రెండో కాలివ్వమ్మా" అన్నాడు. తొడిగాడు. ముందువైపు బొటనవేలితో నొక్కి చూసి, ఒక సైజు పెద్దది తెచ్చి మార్చాడు. "ఇప్పుడు నడువు తల్లీ. నడవాల్సింది నువ్వు, నేను కాదు."

ఆవిడ తివాచీ మీద రెండుసార్లు తిరిగి, ఇవే వేసుకుని పోతానంది. అప్పుడు బాబాయ్ లేచి అల్లుడికి ఎదురుగా నిలబడ్డాడు.

"నేను పైకి పోతున్నా."

"అదేంటి బాబాయ్, మీరు పాసయ్యారుగా!"

"నీ పాసు తగలెయ్య! నీ కోతి చచ్చిందనా నన్నాడిస్తున్నావ్?"

ఈసారి చప్పట్లు పడలేదు. అల్లుడి మొహం జేవురించింది. బాబాయ్ నిచ్చెనెక్కి గోడౌనులోకి దూరాడు. రేకులు కాలిపోతున్నాయి. చొక్కా విప్పి పెట్టెల మీద పారేసి, చెమట కారుతుంటే బూతులు తిట్టుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి కంత కింద పొట్టోడి గొంతు వినబడింది.

"బాబాయ్, నల్లవి, ఎనిమిదో నంబరు!"

బాబాయ్ డబ్బా లాగి, కంతలోంచి బలంగా విసిరాడు.

"అమ్మో! తల పగలగొడతావా ఏంటి?"

"నువ్వు పక్కకి జరుగు" అన్నాడు బాబాయ్ పైనుంచి. "మీ సార్‌ని నిలబడమను."