సాక్ష్యం మధ్యలో ఎవరూ మాట్లాడరు

ఏడో ఉత్తరం వచ్చేటప్పటికి ప్రేమకుమారి జొన్నపిండి పిసుకుతోంది. పిండి చేతులతోనే వాకిట్లోకి పోయి, పోస్టు బంట్రోతు దగ్గర కవరును రెండు వేళ్లతో అందుకుని, వసారాలో పడక కుర్చీలో ఉన్న భర్త ఒళ్లో పెట్టి, మళ్లీ వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. అందులో ఏముందో విప్పకుండానే చెప్పగలదు. ముందొచ్చిన ఆరింటిలో ఉన్నదే.

ఆమె భర్త కరుణాకరం మార్కాపురం మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. ఆధారం లేనిదే అడుగు తీసి అడుగు వేసే మనిషి కాదు. చెల్లెలు పుష్పమ్మ ఆ ఏడు స్కూలు ఫైనలు మంచి మార్కులతో గట్టెక్కి, మద్రాసులో మదర్ల కాలేజీకి పోతానని కూర్చుంది. కన్యస్త్రీలు నడిపే ఆ కాలేజీ పేరు మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా మోగుతోంది. అక్కడ సీటు వచ్చిందంటే పిల్ల తెలివిని మళ్లీ ఎవరూ పరీక్షించరు. తండ్రి లేని పిల్ల కాబట్టి కాలేజీ ఫారం మీద అన్న సంతకం కావాలి. కరుణాకరం ఏడుగురు పెద్దమనుషులకు జాబులు రాశాడు, ఆ కాలేజీ మీద మీ అభిప్రాయం తెలుపవలెనని.

ఏడుగురూ మగవాళ్లే. మదర్ల అనుమతి లేనిదే మగపురుగును గేటు దాటనివ్వరు గనక, ఏడుగురిలో ఒక్కరూ ఆ కాలేజీ లోపల కాలు పెట్టలేదు. ఆ కాలేజీలో నిండా రెండేళ్లు చదివి ఇంటరు ప్యాసైన మనిషి మాత్రం అదే ఇంట్లో, అదే వసారాకు నాలుగు బారల దూరంలో, రొట్టెలు తడుతోంది. ఆమెను అడగాలని కరుణాకరానికి తోచలేదు. చెడ్డవాడై కాదు. ఇంట్లో రోలును ఎవరైనా అభిప్రాయం అడుగుతారా?

"ఇను అమ్మా," అని తల్లి జ్ఞానమ్మకు ఉత్తరాలన్నీ వరస పెట్టి వినిపించాడు. నంద్యాల పాస్టరుగారు రాసినాడు: ఆర్సీఎం కేథలిక్కు వాళ్లు మన బాప్టిస్టు పిల్ల మెడలో జపమాల వేసి గానీ పంపరు. కంభం తాలూకాఫీసులో పనిచేసి దిగిపోయిన హెడ్డుగుమాస్తా రాసినాడు: అక్కడ ఆడపిల్లలు చెంచాలతో తింటారు. కర్నూలు వకీలుగారి మేనకోడలు అక్కడే చదివింది, కనుక ఆమెను అడిగి రాస్తానని మొదలుపెట్టి, రెండు పేజీలూ తన అభిప్రాయమే రాసినాడు: ఆ కాలేజీలో చదివిన పిల్ల ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది.

"ఏమండీ, అక్కడ అట్లేం లేదు, నేనున్న రెండేళ్లలో..." అంది ప్రేమకుమారి గడప దగ్గరికొచ్చి.

"కుమారీ, రొట్టె మాడుతుండాది చూడుపో," అంది జ్ఞానమ్మ.

రొట్టె మాడటం లేదు. పెళ్లయిన ఈ పదేళ్లలో ప్రేమకుమారి ఒక వాక్యం సగానికి వచ్చిందంటే చాలు, ఆ ఇంట్లో ఏదో ఒకటి మాడేది, పొంగేది, లేదా దూడ తాడు తెంపుకునేది. మొదట్లో సగం వాక్యాలను మనసులో దాచిపెట్టి, రాత్రి పూర్తి చేద్దామనుకునేది. 'ఇప్పుడెందుకులే, పొద్దున మాట్లాడదాం' అనేవాడు ఆయన. పొద్దున మళ్లీ పొయ్యి. అట్లాగని ఆమె ఇంగ్లీషు వృథా పోయిందని కాదు. 'నీకు ఊరికే కూర్చుంటే తోచదు గదా' అంటూ ఫోర్తు ఫారం వ్యాసాల కట్ట తెచ్చి ఒళ్లో పడేసేవాడు. మూడు నెలలకోసారి ఎనభై పేపర్లు ఎర్రసిరాతో దిద్దేది. కింద సంతకం ఆయనది. ఇన్‌స్పెక్టరు దొర వచ్చి, హెడ్మాస్టరుగారి దిద్దుబాటు ముత్యాల్లా ఉందని పుస్తకంలో రాసి పోయినప్పుడు, ఆ ముత్యాలను ఇంట్లో అందరికీ చదివి వినిపించాడు. ప్రేమకుమారికి కూడా వినిపించాడు. పాపం, ఆయనకు నవ్వు కూడా రాలేదు.

"పంపేది లేదు," అన్నాడు కరుణాకరం ఏడో ఉత్తరం మడిచి. "ఫారం సోమవారం పోస్టులో పడాల. పడదు. ఇంట్లోనే ఉండి వదినకు సాయం చేసుకోనీ."

పుష్పమ్మ లేచింది. పెరట్లోకి పోయి అంట్లు ముందేసుకుని, బూడిదా కన్నీళ్లూ కలిపి తోముతోంది. ప్రేమకుమారి పోయి పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పగూడదా వదినా? నువ్వు చూసినదానివి గదా."

"చెప్పనిచ్చేదెవరు పుష్పా?"

ఆ మాట అన్నాక దాన్నే మళ్లీ మనసులో వేసుకుంది. చెప్పనిచ్చేదెవరు? నిజమే, ఎవరు? అట్లా ఆలోచిస్తూ తపేలా చేతిలో పట్టుకునే ఉండిపోయింది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతుందో పుష్పమ్మకు చెప్పలేదు.

మరునాడు ఆదివారం. గుడిలో ఎడమపక్క చాపల మీద ఆడవాళ్లు, కుడిపక్క మగవాళ్లు. ప్రసంగం ముగించి దావీదు పాస్టరుగారు ఎప్పట్లాగే, సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేవండన్నాడు. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పొచ్చు, ఆడైనా మగైనా. చెబుతున్నంతసేపూ ఎవరూ అడ్డం రాకూడదు, పాస్టరుగారైనా సరే. అది ఆ గుడిలో మిషనరీ అమ్మల నాటి కట్టుబాటు.

ప్రేమకుమారి లేచి నిలబడింది. కరుణాకరం తల తిప్పి చూశాడు. పోయిన నెల వచ్చిన జ్వరం తగ్గినందుకు కాబోలనుకున్నాడు.

"దేవుడు నన్ను రెండేండ్లు మద్రాసులో మదర్ల కాలేజీలో ఉంచినాడు. ఆ మేలు చెప్పేదానికి లేసినా," అంది.

కరుణాకరం నోరు తెరిచి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి మూసుకున్నాడు.

"అంతా మంచేనని చెప్పను. అబద్ధమాడితే సాక్ష్యం గాదు. అక్కడి కూట్లో కారం ఉండదు. మన ఆరాధనకు పంపమని నెల్లాళ్లు బతిమాలినా. మైలాపూరు పిల్లోళ్లు నా ఇంగ్లీషుకు నవ్వినారు. జపమాల ఎవురూ మెడలో ఎయ్యలా. ఒకసారి చూసిస్తానంటే, పారేస్తావని చేతికి గూడా ఇయ్యలా."

ఆడవాళ్ల పక్క ఎవరో కిసుక్కుమన్నారు.

"మొదటి దినం మదర్ బెనెడిక్టా చరిత్ర క్లాసులో నన్నొక ప్రశ్న అడిగింది. లేసినా. మాట రాలా. పిల్లలు నవ్వతా ఉన్నారు. ఆమె నన్ను కూర్చోమనలా, ఇంకొకరిని అడగలా. చేతులు కట్టుకొని నిలబడింది. గడియారం కొట్టుకుంటానే ఉంది. నేను చెప్పిందాకా ఆగింది. చెప్పినా, తప్పే చెప్పినా. 'తప్పే. అయితే అది నీ సొంత తప్పు, దాంతోనే మొదలుపెడదాం' అనింది. అమ్మల్లారా, ఒక మనిషి నా మాట కోసరం అంతసేపు ఆగడం నా బతుకులో అదే మొదలు."

ఆగింది. ప్రేమకుమారికి లోపల పండగలా ఉంది. వాక్యం సగంలో ఉన్నా ఏదీ మాడటం లేదు.

సాక్ష్యం మరీ సాగితే పాట ఎత్తుకోవడం ఒక్కటే ఆ గుడిలో ఉన్న విరుగుడు. హెడ్మాస్టరుగారు కళ్లతో సైగ చేశాడు. పాటలు పాడే బాలయ్య తన ముందున్న కంజిర మీదికి చెయ్యి చాచాడు. ముందు వరసలో కూర్చున్న జ్ఞానమ్మ వంగి, ఆ కంజిరను తనవైపు లాక్కుని, చీర కుచ్చెళ్ల కింద పెట్టుకుని దానిమీద కూర్చుంది. "కానీయ్యి కుమారీ," అంది.

కానిచ్చింది. గ్రంథాలయంలో మేడమీది కిటికీ గురించి చెప్పింది. సముద్రం చూసి భయపడి, మూడో వారానికి మోకాళ్ల లోతుకు దిగడం గురించి చెప్పింది. పగలంతా పొలం పనిచేసి వచ్చి గుడిలో కునుకు తీసే మణెమ్మ ఆ రోజు కునుకు తీయలేదు. పైగా సముద్రం చల్లగుంటాదా అని అడగబోయి, కట్టుబాటు గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆఖర్న ప్రేమకుమారి, "మా పుష్పకు ఆ మేలు జరగాలని ప్రార్థన చేయండి," అంది. గుడి మొత్తం ఆమెన్ అంది. మొగుడు కూడా అనాల్సొచ్చింది.

కరుణాకరం ఇంటికొచ్చి ఫారం బయటికి తీశాడు. చాలాసేపు కలం మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎంతసేపు ఆగింది ఆ మదర్?"

"తెలవదండీ. నాకైతే ఏడాదంత అనిపిచ్చింది."

"నేను ఎప్పుడూ..." అని మధ్యలో ఆగిపోయాడు. ప్రేమకుమారి కదల్లేదు, వంటింటి వైపు చూడనూ లేదు. ఆయన తడుముకుంటున్నంతసేపూ ఆగింది. "ఆగలేదు గదా నేను," అన్నాడు చివరికి, సంతకం పెట్టి.

పుష్పమ్మ ఫారం అందుకుని, ఎగిరి గంతేయబోయి, రెండో పేజీ చూసి నిలబడిపోయింది. "అన్నా, నువ్వు ఈ పేజీ చూడలేదా? అభ్యర్థినిని ఎరిగిన పూర్వ విద్యార్థిని ఉంటే, కాలేజీ మీద ఆమె అభిప్రాయం రాయాలంట."

"చెప్పు కుమారీ, నేను రాస్తా," అన్నాడు అలవాటు చొప్పున.

"ఆమె చేతిరాతతోనే అంట," అంది పుష్పమ్మ.

కరుణాకరం లేచాడు. తన కుర్చీ చూపించి కలం చేతికిచ్చాడు. ప్రేమకుమారి కూర్చుంది. ఆ గడిలో అచ్చు వేసిన గీతలు మూడే మూడు ఉన్నాయి. వాటిని చూసి, కాగితం తిరగేసింది. వెనకవైపు మొత్తం ఖాళీగా ఉంది. అక్కడ, అన్నింటికన్నా పైన, మొదలుపెట్టింది.