ఆయా చీర

పద్మారాణి రోజూ పనికి రెండు చీరలతో పోయేది. ఒకటి ఒంటి మీద, ఇంకొకటి సంచిలో. ఒంటి మీదిది పెద్ద పెద్ద పువ్వుల పాలిస్టర్ చీర. సంచిలోది తెల్లటి నూలు చీర, దానికి రెండు వేళ్ల వెడల్పున నీలం అంచు. సూరత్‌లో, భేస్తాన్‌లోని తమ గల్లీ నుంచి పువ్వుల చీరలో బయల్దేరి, ఉధ్నా రోడ్డు మీదున్న చిన్న ప్రసూతి ఆసుపత్రికి చేరాక, దుప్పట్లు సర్దే గదిలో తలుపేసుకుని తెల్లచీర కట్టుకునేది. సాయంత్రం మళ్లీ అదే గదిలో పువ్వుల చీరలోకి మారి ఇల్లు చేరేది. ఆమె అక్కడ ఆయా. గల్లీలో వాళ్లకు తెలిసింది మాత్రం వేరు. పద్మారాణి రింగ్ రోడ్డు దగ్గర చీరలు మడతపెట్టే కార్ఖానాలో పనిచేస్తుందని అందరూ అనుకునేవారు.

ఆ అబద్ధం పుట్టించింది ఆమె అత్త కనకవ్వ.

రెండేళ్ల కిందట, పనిలో చేరిన మొదటి రోజు, పద్మారాణి ఏమీ ఆలోచించకుండా తెల్లచీరతోనే ఇంటికొచ్చింది. గడపలో కూర్చుని బియ్యం చెరుగుతున్న కనకవ్వ తలెత్తి చూసి చేట కింద పడేసింది.

"నా కొడుకు సాంచా కాడ నిలబడి పనిచేస్తున్నడే! వాడు బతికుండంగ నువ్వు తెల్లచీర కట్టుకొని గడప తొక్కుతవా?"

తెల్లచీరంటే ఏమిటో కనకవ్వకు బాగా తెలుసు. ముప్పయ్యో ఏట ఆమెకు దాన్ని కట్టబెట్టారు. ఆనాటి నుంచి ఎవరైనా పనిమీద బయల్దేరుతుంటే తానే పక్కకు తప్పుకుని గోడవైపు తిరిగి నిలబడటం అలవాటు చేసుకుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే పద్మారాణి ఎదురు చెప్పలేదు. పైగా ఆమెకూ లోలోపల సిగ్గుగానే ఉండేది. కాన్పు గదిలో నెత్తురు కడగడం, మలం గిన్నెలు ఎత్తడం తన పని. గల్లీలో ముప్పై ఇళ్లూ సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్లవే. పురిటి మైల ఎత్తుతుందని తెలిస్తే బొట్టు పెట్టి పిలిచేవాళ్లు ఉండరని భయం. మర్నాడు కనకవ్వ గల్లీలో చీరల కార్ఖానా మాట చెప్పేసింది, పద్మారాణి కాదనలేదు.

"పని పనే గదా, గిండ్ల ఏమున్నది" అన్నాడు భర్త పరుశురాం. అన్నాడే గానీ, సాంచాలని పిలిచే మరమగ్గాల దగ్గర దోస్తులకు ఆయన కూడా ఎన్నడూ చెప్పలేదు.

తొంభై నాలుగు సెప్టెంబరులో, తాపీ నది వరద తీసి గల్లీల్లో బురద ఇంకా ఆరకముందే, సూరత్‌లో ప్లేగు మాట పుట్టింది. పొద్దున ఒకరి నోట విన్న మాట మధ్యాహ్నానికి ఊరంతా అయింది. రెండు రోజుల్లో మూటా ముల్లె కట్టుకుని జనం స్టేషన్ దారి పట్టారు. కార్ఖానాలు మూతపడ్డాయి. పగలూ రాత్రీ ఖటఖటలాడే సాంచాలు ఆగేసరికి, పక్కింట్లో దగ్గినా వినపడేది. వినపడ్డ ప్రతి దగ్గుకూ తలుపులు మూసుకునేవారు.

ప్రసూతి ఆసుపత్రిని నడిపే డాక్టరమ్మకు, అక్కడి వాళ్లు అక్కా అన్నట్టు డాక్టర్ బెన్ అని పిలిచే ఆమెకు, ఇద్దరు చిన్నపిల్లలు. ఉన్న ఇద్దరు బాలింతల్నీ ఇళ్లకు పంపేసి, పిల్లల్ని తీసుకుని బార్డోలీలో అత్తవారింటికి బయల్దేరింది. పోయేముందు టెట్రాసైక్లిన్ గోళీల పట్టీ ఒకటి పద్మారాణి చేతిలో పెట్టి, ఆసుపత్రికి తాళం వేసింది.  అలా తెల్లచీర పని లేకుండా ఇంట్లో ఉండిపోయింది. దాన్ని నీళ్లలో ఉడకబెట్టి ఉతికి, గల్లీలో కనపడకుండా లోపలి గదిలో తాడు మీద ఆరేసింది పద్మారాణి. అది ఆరినంతసేపూ కనకవ్వ వాకిట్లోనే కూర్చుంది.

వాళ్లు కూడా ఊరికి పోదామనే అనుకున్నారు. పిల్లలిద్దరూ సిరిసిల్లలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్నారు. కానీ స్టేషన్‌లో చూస్తే రైలు కనపడటం లేదు, మనుషులే కనపడుతున్నారు. ఆడవాళ్లను కిటికీల్లోంచి లోపలికి తోస్తున్నారు. కనకవ్వకు మోకాళ్ల నొప్పులు. ఆమె ట్రంకుపెట్టె మీద కూలబడి, "మీరు పోన్రి బిడ్డా, నేను గీడనే ఉంట" అంది.

పద్మారాణి ఒక్క క్షణం రైలువైపు, ఒక్క క్షణం ముసలామెవైపు చూసింది. "నువ్వు లేకుంట ఏడికి పోతం అత్తమ్మా? ఈ రోగాన్ని మోసుకపోయి పిల్లలకు అంటిస్తమా? లే, ఇంటికి పోదాం" అంది. పరుశురాం పెట్టె నెత్తికెత్తుకున్నాడు.

గల్లీలో ఎనిమిది ఇళ్లు మిగిలాయి. ఎదురింట్లో లింగవ్వ, ఆమె కొడుకు మహేశ్, కోడలు సంగీత. సంగీతకు నెలలు నిండాయి, అందుకే వాళ్లు కదల్లేదు. కాన్పుకు ఇంకా పది రోజులుందని లెక్క. కానీ స్టేషన్ నుంచి తిరిగొచ్చిన ఐదో రోజు పొద్దున తొమ్మిదింటికే లింగవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"కనకవ్వా, నా కోడలికి నొప్పులు షురువైనయే! మహేశ్ రిక్షా కోసం పోయి గంటయింది. ఒక్కటి దొరుకుత లేదట. మంత్రసాని కూడ ఊరు విడిచిపోయింది. నేనేం జెయ్యాలె?"

కనకవ్వ కోడలి ముఖంలోకి చూసింది. పద్మారాణి అత్త ముఖంలోకి చూసింది. ఇద్దరూ రెండేళ్లుగా దాచిన మాట ఆ చూపులో అటూ ఇటూ తిరిగింది.

"పెద్దమ్మా, నేను చీరల కార్ఖానల పనిచేస్త లేను" అంది పద్మారాణి. "కాన్పుల దవాఖానల ఆయాను. కాన్పు చేసేది డాక్టరమ్మ, నేను గాదు. గని రెండేండ్ల సంది పక్కనే నిలబడి చూస్తున్న. ముందు చూడనియ్యి."

లింగవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తన ఇంట్లోకి లాక్కుపోయింది.

సంగీతను చూసి వచ్చేసరికి పద్మారాణికి అర్థమైంది, రిక్షా వచ్చినా దారిలోనే అవుతుందని. వెంటనే మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు పెట్టించింది. కొత్త బ్లేడు, నూలు దారం ఆ నీళ్లలో వేయించింది. తర్వాత ఇంటికి పరుగెత్తి తెల్లచీర తీసింది. ఎవరికో చూపించాలని కాదు. ఆ ఇంట్లో ఉడకబెట్టి ఉతికిన బట్ట అదొక్కటే. వీధి బట్టతో బాలింతను ముట్టొద్దని డాక్టర్ బెన్ నూరుసార్లు చెప్పింది. కనకవ్వ చూస్తుండగానే చీర కట్టుకుని, జుట్టు ముడేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గల్లీ దాటింది.

"అక్కా, సస్తనేమో" అని ఏడ్చింది సంగీత.

"సావవు. నా దిక్కు చూడు. ఇప్పుడు ముక్కకు, గాలి గుంజుకో. నేను చెప్పినప్పుడు ముక్కు."

పదకొండు కాకముందే ఆడపిల్ల పుట్టింది. గుక్కపట్టి ఏడ్చింది కూడా. లింగవ్వ చేతులు జోడించి నవ్వుతూ ఏడుస్తోంది. కానీ పద్మారాణి నవ్వలేదు. మాయ పడ్డాక కూడా నెత్తురు ఆగడం లేదు. బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించి, డాక్టర్ బెన్ చేసినట్టే పొత్తికడుపును గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. కొంచెం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. సంగీత పెదవులు తెల్లబడుతున్నాయి.

"సూది మందు ఇయ్యాలె. సర్కారు దవాఖానకు పోవాలె" అంది. లింగవ్వ చేతిని పట్టి కడుపు మీద పెట్టి, "గిట్లనే రుద్దు, చెయ్యి తియ్యకు" అని చెప్పి రోడ్డు మీదికి పరుగెత్తింది.

అక్కడ మహేశ్ పిచ్చివాడిలా వచ్చిన ప్రతి బండికీ అడ్డం పోతున్నాడు. ముఖాలకు రుమాళ్లు కట్టుకున్న డ్రైవర్లు అతన్ని తప్పించుకుని పోతున్నారు. వీధిలో పడి అరిచే మనిషిని చూస్తే ఆ రోజుల్లో ఎవరైనా రోగమనే భయపడతారు. పద్మారాణి రోడ్డు మధ్యకు పోయి, రెండు చేతులూ ఎత్తి నిలబడింది. దూరం నుంచి వస్తున్న పాల వ్యాను వేగం తగ్గించింది. ఆగింది.

"క్యా హువా సిస్టర్?" అన్నాడు డ్రైవర్ రుమాలు కిందికి లాగి.

"కాన్పయింది భాయ్. ప్లేగు కాదు. నెత్తురు పోతోంది, జల్దీ చలో" అంది హిందీ, తెలుగు కలిపి. డ్రైవర్ ఇంకేమీ అడగలేదు. తానే దిగి తలుపు తెరిచి, పాల క్యాన్లు ఒక పక్కకు జరిపాడు. మహేశ్ సంగీతను ఎత్తుకొచ్చి అందులో పడుకోబెట్టాడు, బిడ్డతో లింగవ్వ ఎక్కింది.

దారంతా పద్మారాణి చెయ్యి సంగీత పొత్తికడుపు మీదే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర పోలీసులు ప్రతి బండినీ ఆపుతున్నారు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి "డెలివరీ కేస్" అనగానే ఆ చీరను చూసి దారి వదిలారు. లోపల పెద్ద నర్సు ఒకామె సూది వేస్తూ అడిగింది, "నువ్వు ఏ హాస్పిటల్ సిస్టర్‌వి?"

"సిస్టర్‌ను కాదు బెన్. ఆయాను."

నర్సు ఒకసారి తలెత్తి చూసింది. "కడుపు రుద్దుతూ తెచ్చావు కాబట్టి బతికింది. మా ఆయాలు సగం మంది రాలేదు. సాయంత్రం దాకా ఉంటావా?"

ఉంది. నాలుగింటి దాకా ఆ వార్డులో దుప్పట్లు మార్చింది, నీళ్లు పట్టింది, ఇద్దరు పసికందులకు స్నానం చేయించింది. సంగీత కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగిన తర్వాతే వరండాలోకి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది. అంత సేపటి దాకా భయపడటానికి కూడా తీరిక దొరకలేదని అప్పుడు తెలిసింది.

ఇంటికి నడిచే వచ్చింది, తెల్లచీరతోనే. కొంగు మీద, కుచ్చిళ్ల మీద నెత్తురు మరకలు. గల్లీలో మిగిలిన ఇళ్లవాళ్లు గడపల్లో నిలబడి చూస్తున్నారు. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా తల వంచుకుని నడిచింది. వాకిట్లో కనకవ్వ బకెట్ నిండా వేడినీళ్లు పెట్టుకుని కాచుకుని ఉంది.

"బతికిందా?"

"ఇద్దరూ బతికిన్రు అత్తమ్మా."

"తానం జెయ్యి ముందు. చీర ఇటియ్యి."

"నేను ఉతుక్కుంట."

"నీకు చాతగాదు. నెత్తురు మరక వేడినీళ్లకు పోదు, చల్లనీళ్లల ఉప్పేసి నానబెట్టాలె. నువ్వు కూసో, నేను ఉతుకుత" అంది కనకవ్వ. ఆ మోకాళ్లతోనే రాయి ముందు కూర్చుని, గంటసేపు ఉతికింది. చేతిమగ్గం మీద నూలుకు గంజి పెట్టిన చేతులు ఆమెవి. మర్నాడు పలచటి గంజి కాచి, గడ్డల్లేకుండా గుడ్డతో వడకట్టి, చీరను అందులో ముంచి తీసింది. తర్వాత దాన్ని భుజాన వేసుకుని, లోపలికి కాదు, గల్లీలోకి నడిచింది. రెండు స్తంభాల మధ్య అందరూ బట్టలారేసే తాడు మీద బారుగా పరిచింది. నీలం అంచు గాలికి టపటపలాడింది.

"జనం చూస్తరు అత్తమ్మా" అంది పద్మారాణి గడపలోంచి.

"చూడనియ్యి" అంది కనకవ్వ. చీర అంచును సరిచేస్తూ మళ్లీ అంది. "నాది కట్టబెట్టిన తెలుపు బిడ్డా. నీది నువ్వు పని నేర్చి కట్టుకున్నది. రెండూ ఒకటేననుకున్న ఇన్నొద్దులు."

 పద్మారాణి వెళ్లి ఆమె చేతిలోంచి చీర రెండో కొస అందుకుంది.

వారం తిరిగేసరికి భయం తగ్గుముఖం పట్టింది. పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒక రోజు పొద్దున పక్క కార్ఖానాలో ఒక సాంచా మొదలైంది, ఆ వెనక ఇంకొకటి, మధ్యాహ్నానికి ఆ చప్పుడు గల్లీ నిండా పరుచుకుంది. ఇన్నేళ్లూ చెవులు మూసుకున్న ఆడవాళ్లే, "అమ్మయ్య, మొదలైనయే" అని నవ్వుకున్నారు. దొరికిన కాసిని బంతిపూలతోనే బతుకమ్మ పేర్చారు. లింగవ్వ కుంకుమ భరిణెతో వచ్చి, పద్మారాణికి బొట్టు పెట్టి, "మొదటి పాట నువ్వే అందుకోవాలె బిడ్డా" అంది. పద్మారాణికి పాటలు సరిగా రావు. రెండో చరణం తప్పు పాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

దసరాకు నాలుగు రోజుల ముందు డాక్టర్ బెన్ నుంచి కబురు వచ్చింది. ఆసుపత్రి తెరుస్తున్నారు. ఆ పొద్దున పద్మారాణి ఇంట్లోనే తెల్లచీర కట్టుకుంది. గంజి చీర పెళపెళలాడుతూ ఒంటికి నిలిచింది. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, మెడలో పుస్తెలు, వాటికి తోడు ఈ చీర. పరుశురాం పనికి పోతూ ఆగి చూసి, "అచ్చం ఆఫీసరమ్మ లెక్క ఉన్నవు" అన్నాడు.

"నీ దోస్తులకు చెప్పినవా మరి?"

"నిన్ననే చెప్పిన. ముగ్గురు వాళ్ల ఇంటోళ్లను నీకు చూపిస్తమన్నరు."

గల్లీ దాటడానికి పది నిమిషాలు పట్టింది. ఒకామె నడుము నొప్పి చెప్పింది, ఒకామె మనవడి దగ్గు చెప్పింది. తాను డాక్టర్ను కాదని ప్రతి ఒక్కరికీ చెప్పుకుంటూ, ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పుకుంటూ నడిచింది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఉన్న కొంచెం బెరుకు ఆ మాటల్లో ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

డాక్టర్ బెన్ గేటు దగ్గరే ఉంది. సర్కారు దవాఖాన నర్సు ద్వారా ఆమెకు సంగతంతా తెలిసింది. "పద్మా, నేను వెళ్లిపోయాను" అంది, కళ్లు దించుకుని.

"పిల్లలున్నరు గదా బెన్. నా పిల్లలు ఇక్కడుంటే నేనూ పోయేదాన్నేమో" అంది పద్మారాణి. అది ఊరడింపుకు అన్న మాట కాదు. ఇద్దరూ కలిసి తాళం తీశారు. మూడు వారాలు మూసి ఉన్న గదుల్లో ముక్కిన వాసన. పద్మారాణి కిటికీలన్నీ తెరిచింది. మంచాలు ఎండలోకి లాగించింది, ఫినాయిల్ నీళ్లతో నేలంతా రెండుసార్లు కడిగింది. పదకొండింటికి పల్సానా నుంచి ఒక గర్భిణి వచ్చింది, వెనకే ఇంకో ఇద్దరు.

ఒంటిగంట దాటాక కాస్త తీరిక దొరికింది. మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీసింది. రెండు జొన్నరొట్టెలు, పల్లీల పొడి. ఈ మూడు వారాలూ ఏదో మింగాలని మింగింది తప్ప రుచి తెలియలేదు. ఇప్పుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆకలి భగ్గుమంది. రెండు రొట్టెలూ అయిపోయాయి. డబ్బా అడుగున పొడి వేలితో తీసి నాకి, ఆ పొద్దునే తనలాగే పనిలోకి తిరిగొచ్చి పక్కన కూర్చున్న రెండో ఆయా వైపు తిరిగింది.

"నీ కాడ ఇంకో రొట్టె ఉన్నదా?" అని నవ్వుతూ చెయ్యి చాపింది.