పక్క కుర్చీల వెలుగు

నేను చొక్కా ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన స్నానాల గదిలోంచి కేకేశారు. "ఇవాళ కొనేవాళ్ళకు తెర గురించి చెప్పేది నేనే. నువ్వు కాస్త కాఫీలవీ చూసుకో చాలు. కాలర్ దగ్గర గట్టిగా రుద్దు!"

మేమిద్దరం ఒకే ప్రయోగశాలలో ఇంజనీర్లం. పని ఒకటే, వంట మాత్రం నా ఒక్కదానిదే. "వాడు పాపం ఎంత అలిసిపోయి వస్తాడో" అంటుంది అత్తగారు, ఆయన వెనకే వచ్చిన నన్ను చూస్తూ. ఒళ్ళు మండిపోతుంది. వెనక నుంచి ప్రొజెక్టర్ వేస్తే మామూలు తెర నడుమ కూర్చున్నవాళ్ళకే మెరుస్తుంది, పక్కన కూర్చున్నవాళ్ళకు మసక. ఆ వెలుగును గది వెడల్పునా సర్దే పల్చటి హోలోగ్రామ్ పొరను తయారుచేసింది నేను. లేజర్‌తో దాన్ని గాజు పలక మీద అచ్చు వేసేటప్పుడు ఎవరూ కదలకూడదు. నడవాలో తలుపు ధడాలున వేసినా పలక పాడే. కదలకుండా నిలబడటం పుట్టింట్లో నేర్పారు, అత్తింట్లో ఆరితేరాను.

ఆ పొరకు అడ్డం, నిలువు ఉంటాయి. నలుచదరంగా ఉంటుంది కనుక ఏది అడ్డమో కంటికి తెలియదు. అందుకే బిగించే ముందు దాని గుండా లేజర్ పాయింటర్ వేసి, గోడ మీద గీత అడ్డంగా సాగుతుందో లేదో చూసుకుంటాం. ఇవాళ ప్రయోగశాలకు రాగానే ఆయనే బిగించారు. "చూశారా?" అని నేనడిగితే, "నాకు నేర్పకు" అన్నారు.

కొనేవాళ్ళు వచ్చారు. తెర గురించి బాగా వివరించినవాళ్ళకే కొత్త విభాగం అప్పజెప్తానని డైరెక్టర్ ముందే అన్నారు. ఆ విభాగం నాకు కావాలి. అయినా కాఫీ కప్పుల దగ్గరే నిలబడ్డాను. తెర వెలిగింది. నడుమ కూర్చున్న డైరెక్టర్ "భేష్" అన్నారు. పక్క కుర్చీలో ఒకావిడ, "నాకేం కనపడట్లేదండీ" అంది. వెలుగంతా పైకప్పుకీ నేలకీ పోతోంది.

ఆయన నా చెవి దగ్గరకొచ్చారు. "గప్‌చుప్‌గా వెళ్ళి పొర తిప్పేసి రా. ప్రొజెక్టర్‌లో ఏదో తేడా అని చెప్తాలే."

భయమేసింది. సాయంత్రం ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చేతిలో కప్పు కింద పెట్టాను.

"ప్రొజెక్టర్ బాగానే ఉందండీ," అన్నాను గదంతా వినబడేలా. "పొర నిలువుగా బిగించారు, అంతే."

వెళ్ళి తిప్పాను. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది పక్క కుర్చీ ఆవిడ. ఆయన గొంతు సవరించుకున్నారు. "అంటే, మా బృందం దీన్ని..."

"మీరు కూర్చోండి. ఇది నేను చేశాను. నేనే చెప్తాను."

ఆయన కూర్చోలేదు. నేను మొదలుపెట్టాను.