నంబర్లు కలిసిన కారు

కోదండరామ్ మూడేళ్లుగా పెద్ద ఇంజన్ ఉన్న తన పాతకాలపు మజిల్ కారును గరాజ్‌లో పడుకోబెట్టి, భార్య చాముండేశ్వరి కారును కెనడాలోని విండ్సర్ మంచులో నిలబెట్టాడు. ఇది పాత ఇనుము కాదు, ఆస్తి అని ఆమెకు చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేశాడు. ఈ నవంబరుతో ఆమె ఓపిక అయిపోయింది. విలువ కట్టించమంది. అరవై వేల డాలర్లు దాటకపోతే అమ్మేయాలి, గరాజ్ ఆమెది.

విలువ కట్టడానికి వాల్టర్ వచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. బానెట్ ఎత్తి, టార్చి వేసి, నంబర్లు మ్యాచ్ అవుతాయా అని అడిగాడు.

బ్రహ్మాండంగా, అన్నాడు కోదండరామ్. తను పుట్టింది తొమ్మిదో తారీఖు, నంబర్ ప్లేటు అంకెలు కూడితే తొమ్మిది. ఇక్కడే ఇంజన్ పక్కన ఒక చిన్న రేకుండేదనీ, దాని అంకెలు కూడితే ఎనిమిది, అంటే శని, వచ్చిందనీ, కొన్న వారానికే విప్పేసి పారేయమని భార్యకిచ్చాననీ మెచ్చుకోలు ఆశిస్తూ చెప్పాడు.

వాల్టర్ టార్చి ఆర్పాడు. ఈ కారు ఏ ఇంజన్‌తో ఫ్యాక్టరీ దాటిందో చెప్పేది ఆ రేకేనని, తాను అడిగింది ఆ నంబర్లూ ఇంజన్ మీది నంబర్లూ కలుస్తాయా అనేనని నెమ్మదిగా వివరించాడు. రేకు లేకపోతే నలభై వేలు.

ఏది డిలీట్ చేసినా ముందు బ్యాకప్ తీసుకోండని ఆఫీసులో కుర్రాళ్లకు ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్న కోదండరామ్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పక్కనే నిలబడి అంతా విన్న చాముండేశ్వరి ఊరుకుంటే చాలు, గరాజ్ ఆమెదే. కానీ ఇంట్లోకి వెళ్లి దారాల డబ్బాతో తిరిగొచ్చింది. గుండీల మధ్య నుంచి రేకు తీసిచ్చింది.

"మీరు పారేయమన్నవేవీ నేను పారేయనండి. తర్వాత నన్నేగా అడిగేది."

వాల్టర్ పోల్చి చూశాడు. కలిశాయి. తొంభై ఎనిమిది వేలని రాసి సంతకం పెట్టి వెళ్లాడు.

కోదండరామ్ గెలిచాడు. అలవాటు కొద్దీ అంకెలు కూడాడు. తొమ్మిదీ ఎనిమిదీ పదిహేడు, ఒకటీ ఏడూ ఎనిమిది. భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే బ్రష్ పట్టుకుని తన కారు అద్దం మీది మంచు తుడుస్తోంది. అతనికి నిజంగా సిగ్గేసింది.

"నీ తాళాలిలా ఇవ్వు. లోపల పెడతాను."

"మరి మీ కారుని?"

"దానికెలాగూ శని ఉందిగా, ఈ చలికాలం బయటే అనుభవించనీ," అంటూ టార్పాలిన్ కోసం వెతికాడు.