తెల్ల కారులో అతుకు

షార్షెన్ ఎడమ అరచేతిని రేకు వెనక ఆనించి, కుడిచేత్తో చిన్న సుత్తి ఆడిస్తున్నాడు. సొట్ట పడిన కారు తలుపు అది. దెబ్బకు రేకు చప్పుడు మారేదాకా ఆపడు. షెడ్డు గుమ్మం దగ్గర, తమ బండ్ల కోసం వచ్చిన ఇద్దరు కస్టమర్లు పొద్దున్నే గొంతులు చించుకుంటున్నారు.

"కారంటే జర్మనీదే! తలుపు వేసినప్పుడు ఆ చప్పుడు విన్నావా? లోపల కూర్చున్నవాడు మంత్రిగారనుకోవాల్సిందే."

"ఆ మంత్రిగారే నెల తిరక్కుండా మెకానిక్కు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేది! మా జపాన్ బండికి బానెట్ ఎత్తిన పాపాన పోలేదు నేను."

"ఎత్తకపోవడం కాదులే, నీకు ఎత్తడం రాదు."

"పెద్దాయనా, నువ్వు చెప్పు. రెంటిలో ఏది గట్టిది?"

"గుద్దితే రెండూ నా దగ్గరికే వస్తాయి," అన్నాడు షార్షెన్ తలెత్తకుండా. వాళ్ళు పగలబడి నవ్వారు. అతను నవ్వించడానికి అనలేదు.

అరవై దాటిన మనిషి. వెల్డింగు మంటకు కాలి కాలి కనుబొమలు పలచబడిపోయాయి. సుత్తి పట్టే కుడి భుజం ఎడమదానికంటే కాస్త పైకి లేచి ఉంటుంది. గోళ్ళ అంచుల్లో ఇరుక్కున్న లప్పం పెళ్ళినాడు కూడా వదల్లేదని భార్య బతికున్న రోజుల్లో నవ్వుతూ చెప్పేది. ఊరందరి కార్లూ బాగుచేసే మనిషి తాను మాత్రం మినీబస్సులో నిలబడి పనికి వస్తాడు. పిల్లల్లేరు. తమ్ముడు పోయాక తమ్ముడి కొడుకు ఎర్మెక్‌ను కన్నకొడుకులాగే చూసుకున్నాడు.

మా బిష్కెక్‌లో పలానావాడు మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ అడగరు. ఏం నడుపుతాడు అని అడుగుతారు. ఇల్లు అద్దెది, పొయ్యిలో బొగ్గు అరువుది, అయినా గుమ్మం ముందు పెద్ద కారు ఉండాలి. పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచే బండి ఏ కంపెనీదో చూశాకే ఆడపెళ్ళివారు పెళ్ళికొడుకు మొహం చూస్తారు. చావుకు వెళ్ళినవాళ్ళు కూడా ఏడుపు ముగించి బయటికొచ్చి, వీధిలో ఎన్ని లెక్సస్‌లు నిలిచాయో, ఎన్ని మెర్సిడెస్‌లు నిలిచాయో చెప్పుకుంటారు. పోయినవాడు ఆఖరి నెలల్లో మందులకు అల్లాడాడన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇది చూసి సిగ్గుపడేవాళ్ళు లేరు, కార్లు కడిగేవాళ్ళు మాత్రం వీధికి పదిమంది ఉన్నారు.

షెడ్డు యజమాని జోల్దోష్ బతుకుతున్నది ఈ పిచ్చి మీదే. సముద్రం అవతల ప్రమాదాల్లో నుజ్జయి, వేలంలో తుక్కు కింద పోయిన పెద్ద కంపెనీల బండ్లను తెప్పిస్తాడు. ముందు భాగం చితికినదొకటి, వెనక భాగం చితికినదొకటి. రెంటినీ నడుముకు కోసి, బాగున్న సగాలను కలిపి అతికిస్తే ఒక బండి. పైన తెల్లరంగు కొడితే అది చిన్న దెబ్బ కూడా తగలని బండి. అతికేది షార్షెన్, ఒట్టేసి అమ్మేది జోల్దోష్.

"ఇది మళ్ళీ గుద్దుకుంటే రెండుగా విడిపోతుందయ్యా," అని షార్షెన్ ఒకసారి అన్నాడు.

"అయితే గుద్దుకోకుండా నడుపుకోమను," అన్నాడు జోల్దోష్.

ఆ మాట విన్న క్షణంలోనే సుత్తి వాడి కాళ్ళ దగ్గర పడేసి వచ్చేయాల్సింది. షార్షెన్‌కు ఒళ్ళు మండింది కూడా. కానీ చలికాలం, గదిలో బొగ్గు లేదు, ఈ వయసులో ఇంకో షెడ్డువాడు పనిస్తాడన్న నమ్మకం లేదు. మంట లోపలే పెట్టుకుని వెల్డింగు టార్చి వెలిగించాడు. అప్పట్నించీ ఆ మంట అలాగే ఉంది. సమోసాలాంటి వేడి సంసా తినేటప్పుడూ, టీ తాగేటప్పుడూ ఛాతీలో ఎడమవైపు పట్టేస్తుంటే, కోపం వల్లేనని సరిపెట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఎర్మెక్ ఫోన్ చేశాడు.

"పెదనాన్నా! సాయంత్రం వచ్చెయ్. కారు కొన్నాం! గొర్రెను కోస్తున్నాం. నువ్వు దీవించాకే ఎక్కేది."

"ఏం కారురా?"

"ఫోన్లో చెబితే మజా ఏముంది? నాకైతే జర్మన్‌దాని మీదే మనసు. మామగారేమో దారిలో ఆగిపోనిది జపాన్‌దే, దాంట్లో అయితేనే పిల్లను ఎక్కించు అన్నాడు. రేపు తెల్లారి మామగారి వాళ్ళతో పాటే బెర్మెత్‌నీ పిల్లనీ తీసుకుని కొండ దాటి నారిన్ వెళ్ళాలి. వాళ్ళ ఊళ్ళో దిగితే అందరి కళ్ళూ తిరగాలి."

"మీ నాన్న బండి ఉందిగా?"

"అమ్మేశా పెదనాన్నా. ఆవుల్ని కూడా. ఆ డొక్కు జర్మన్ బండిని చూసి వీధిలో పిల్లలు నవ్వుతున్నారు."

ఆ పాత ఆకుపచ్చ కారును అన్నదమ్ములిద్దరూ కలిసి బాగుచేసుకున్నారు. రంగు వెలిసిపోయి, సీట్లు చిరిగినా ఏ మంచులోనూ మొరాయించలేదు. దానికి లేనిదల్లా పైమెరుపే. షార్షెన్‌కు కష్టమనిపించింది, కానీ కుర్రాడి సంతోషం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాడు. కిరోసిన్‌తో చేతులు కడుక్కుని, గదికి పోయి ఇస్త్రీ కోటు వేసుకుని బయలుదేరాడు.

ఊరి చివర ఎర్మెక్ ఇంటి ముంగిట్లో తెల్ల జీపు నిలబడి ఉంది. ఇల్లు ఇంకా సగమే కట్టారు, పై గదులకు కిటికీల బదులు ప్లాస్టిక్ పట్టాలున్నాయి. జీపు మాత్రం ఆ ఇంటికంటే విలువైనదిలా మెరిసిపోతోంది. టైరు మీద గొర్రె రక్తం పూశారు. తమ్ముడి భార్య కులుయిపా పెద్ద కుండలో మాంసం ఉడికిస్తోంది. మామగారి వాళ్ళు వచ్చే వేళయింది.

"బావగారూ, ఎలా ఉంది మన గుర్రం?" అంది కులుయిపా, మొహమంతా నవ్వుతో. "ఎదురింటివాళ్ళ జర్మన్ బండి మొహం మాడిపోయింది చూడండి!"

ఎర్మెక్ వెనక తలుపు తెరిచి, పెద్దవాడని షార్షెన్‌ను గౌరవంగా కూర్చోబెట్టాడు. కోడలు బెర్మెత్ చంటిపిల్లను తెచ్చి ఒళ్ళో వేసింది. పిల్ల గడ్డం పట్టుకుని లాగుతుంటే నవ్వుతూ తల వెనక్కి వాల్చాడు. పైకప్పు బట్టకు ఓ మూల చిన్న అతుకు కనబడింది. గోధుమరంగు బట్ట మీద బూడిదరంగు దారంతో వంకరటింకర కుట్లు.

ఆ కుట్లు తనవే. చలికాలంలో వెల్డింగు రవ్వ ఎగిరి బట్ట కాలితే, కొత్తది కొననంటే కొననని జోల్దోష్ మొండికేస్తే, గడ్డకట్టిన వేళ్ళతో తానే కుట్టాడు. సగం ఒక బండి, సగం ఇంకో బండి.

"పిల్లను తీసుకో," అన్నాడు బెర్మెత్‌తో. పిల్లను అందించి మళ్ళీ గట్టిగా అన్నాడు, "దిగండి. అందరూ దూరంగా పొండి."

సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, కార్పెట్ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఈ పక్క గుమ్మం నుంచి ఆ పక్క గుమ్మం దాకా నేల రేకు మీద వెల్డింగు గీత ఉబ్బెత్తుగా కనబడింది.

"ఇది ఒక బండి కాదు, రెండు సగాలు. మా షెడ్డులో అతికింది. కొండదారిలో చిన్న లారీ తగిలినా నీ పెళ్ళాం పిల్లా ఒక ముక్కలో, నువ్వొక ముక్కలో ఉంటారు. ఇది దీవించమంటావా నన్ను?"

ఎర్మెక్ మొహం పాలిపోయింది. ఆ తర్వాత ఎర్రబడింది. "మీ షెడ్డులోనా? ఎవరు అతికారు?"

"నేనే."

"నువ్వే అతికి, కూలి తీసుకుని, ఇవాళ మా ముంగిట్లోకొచ్చి మమ్మల్ని తిడుతున్నావా?"

"అవునురా! నేను అతికాను కాబట్టే చెబుతున్నా. బయటివాడికి కనబడదు."

కుండలో పులుసు పొంగి మంట మీద పడింది. మొదట తేరుకున్నది కులుయిపా.

"ముందు ఆ కార్పెట్ సర్దెయ్‌రా. వియ్యాలవారు వస్తున్నారు. పరువు పోతుంది."

"ఆదివారం సంతలో అమ్మేస్తానమ్మా," అన్నాడు ఎర్మెక్ నెమ్మదిగా. "బత్కెన్ వైపు నుంచి వస్తారుగా, దూరంవాళ్ళు. మళ్ళీ మన మొహం చూసేది లేదు. పెదనాన్నా, కోపం తగ్గించుకుని కాస్త విను. ఆ పైన కుట్లు విప్పి మంచి బట్ట వేసిపెట్టు. కింది గీత కూడా అరగదీస్తే..."

జోల్దోష్ మీద కూడా ఇంత కోపం రాలేదు షార్షెన్‌కు.

"బత్కెన్ వాడికి పిల్లలుండరట్రా?"

"ఆ సంగతి మనకెందుకు? ఆవులు అమ్మి కొన్నా! నాన్న బండి అమ్మి కొన్నా!"

"మీ నాన్న ఆ డొక్కు బండిని అమ్మాలనుకున్నప్పుడు, బ్రేకు సరిగా లేదని కొనేవాడికి ముందే చెప్పి, బేరం పోగొట్టుకున్నాడు. వాడి కడుపున పుట్టావు నువ్వు!"

తమ్ముడి సామాను పెట్టిన కొట్టులోకి వెళ్ళి ఇనుము కోసే కరెంటు మిషను తెచ్చాడు. వైరు ప్లగ్గులో పెట్టేదాకా అతనేం చేయబోతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. తలుపుల మధ్య నిలువు స్తంభం మీద తిరుగుతున్న కోత బిళ్ళ ఆనించగానే తెల్లరంగు మాడి కంపు కొట్టింది. కులుయిపా కెవ్వుమంది. ఎర్మెక్ వచ్చి భుజం పట్టి లాగబోయి, ఎగిరే రవ్వలకు భయపడి వెనక్కి తగ్గాడు. ఈ పక్క స్తంభం కోశాడు. చుట్టూ తిరిగి వెళ్ళి ఆ పక్కది కోశాడు. పైకప్పును అడ్డంగా సగందాకా కోశాడు. ఇక దాన్ని తుక్కు బజారులో తూకానికి అమ్మాల్సిందే, మనుషులెక్కే బండిగా అమ్మలేరు. మిషను ఆపేసరికి చెమటతో కోటు వీపుకు అతుక్కుపోయింది.

"ఇక మా గడప తొక్కకు," అన్నాడు ఎర్మెక్ ఏడుస్తూ.

షార్షెన్ జీపు వెనక చక్రానికి ఆనుకుని నేలమీద కూర్చుని, గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

వియ్యాలవారు జపాన్ బండిలోనే దిగారు. కోత పడ్డ కారు చూసి నోరెళ్ళబెట్టారు. కులుయిపా వాళ్ళను లోపలికి తోసుకుపోయి, బావగారికి మతి చలించిందని చెప్పింది. మాంసం వడ్డించారు. నూనెలో వేయించిన పిండిముక్కలు పంచారు. జపాన్‌దే కొనమన్న ఎర్మెక్ మామగారే ఇప్పుడు జర్మన్‌ది తీసుకోవాల్సింది, అది ఉక్కు, ఎవడూ కోయలేడు అని అంటుంటే ఎవరో వాదనకు దిగారు. బయట కూర్చున్న మనిషిని ఎవరూ పిలవలేదు. ఇంకా కోపం తగ్గలేదేమోలే అనుకున్నారు.

పొద్దు గుంకుతుండగా బెర్మెత్ మాత్రం గిన్నెలో పులుసు పోసుకుని వెళ్ళింది. "మామయ్యా, ఇంత తాగండి. మీరు మంచే చేశారు," అంది. అతను తల తిప్పలేదు. గిన్నె కింద పెట్టి భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు అరిచింది.

ఎర్మెక్ పరుగెత్తుకొచ్చి పెదనాన్నను నేలమీద పడుకోబెట్టి, ఊపిరి కోసం కోటు గుండీలు తెంచాడు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. మాలో పెద్దలు కొత్త వస్తువును తొలిసారి ఉత్తచేతులతో చూడరు, చూపు కానుక ఇస్తారు. కోటు లోపలి జేబులోంచి ఒక చిన్న కొరడా జారి దుమ్ములో పడింది. కీడు తగలకుండా కారు అద్దానికి వేలాడదీసుకునేది, వేలెడు పొడవు, నున్నగా అల్లిన కొత్త తోలు, పిడికి ఎర్రదారం చుట్టి ఉంది, అద్దానికి కట్టే కొస మాత్రం ఇంకా ముడి వేయలేదు.