లారీ ఎక్కి తిరిగే కారు

నేను ఒక ఫియట్ కారును. అరవై ఆరులో బొంబాయిలో తయారయ్యాను. చూసినవాళ్ళు దిష్టి తగులుతుందంటారు గాని, కుళ్ళంతా నాలోనే ఉంది. ఎవరిని చూసో చెప్తాను.

మొదట నన్ను కొన్నది రాజమండ్రి పొగాకు వ్యాపారి. నాలో కూర్చుంటే ఆయనకి ఎంత హుందాతనం వచ్చేదంటే, పక్కన భార్య ఉందన్న సంగతి కూడా మరిచిపోయేవాడు. తర్వాత ఒక సినిమా హాలు మేనేజరు నా నెత్తిన మైకు కట్టి ఊరూరా తిప్పాడు. ఆపైన డ్రైవింగ్ స్కూలు. బ్రేకేదో క్లచ్చేదో తెలియనివాళ్ళు నాచేత గుద్దించని గోడ లేదు. చివరికి కోళ్ళ షెడ్డులో పడేశారు. పన్నెండేళ్ళు నా వెనక సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టాయి.

అక్కడి నుంచి నన్ను బయటికి లాగింది పళ్ళ డాక్టరు పరాంకుశం గారు. మెకానిక్ మస్తాన్ గారి షెడ్డులో రెండేళ్ళు నాకు డెంటింగు, పెయింటింగు జరిగాయి. సాయంత్రం కాగానే డాక్టరు గారూ, పాత కార్ల పిచ్చి ఉన్న ఆయన స్నేహితులూ టీ గ్లాసులతో నా చుట్టూ చేరేవారు.

"ఈ తలుపు పిడి అరవై ఆరుది కాదండీ, అరవై తొమ్మిదిది."

"అయితే మార్చాల్సిందే!"

సొంత పెళ్ళిరోజు గుర్తుండదు గాని, నా తలుపు పిడి ఏ ఏటిదో వాళ్ళకి కచ్చితంగా తెలుసు.

అలా కొత్త పెళ్ళికూతుర్లా తయారయ్యాను. ఆ తర్వాత నాలో ఎవరూ కూర్చోలేదు. సీటు మీది ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. ఎక్కడ ప్రదర్శన జరిగినా నన్ను లారీ మీద తీసుకెళ్ళేవారు. రోడ్డు మీద దుమ్ము ఉంటుందట!

మొన్న ఫిబ్రవరిలో కాకినాడలో ఒక కాలేజీ మైదానంలో పాత కార్ల మేళా పెట్టారు. లారీ దిగి నిలబడ్డానో లేదో, నా పక్కకి ఇంకో ఫియట్ వచ్చి ఆగింది. నా ఏడాదిదే, నా రంగుదే. పిఠాపురం నుంచి సొంతంగా నడిచి వచ్చింది. తలుపుల అడుగు తుప్పు పట్టింది. సీట్లకి పాత చీరల గుడ్డతో కుట్టిన తొడుగులు. అందులోంచి డెబ్బై దాటిన ఎస్తేరు రాణి గారు దిగారు. ఆవిడ రిటైరైన గవర్నమెంటు నర్సు.

డాక్టరు గారి స్నేహితుడొకాయన జాలిపడ్డాడు. "అమ్మా, దీన్ని బాగు చేయించండి. ముందు ఈ తొడుగులు పీకెయ్యాలి. మొత్తం విప్పి చేస్తే రెండేళ్ళు పడుతుంది."

"రెండేళ్ళా! అప్పటిదాకా నేను దేంట్లో తిరగాలి బాబూ?" అందావిడ.

అందరూ నవ్వారు. ఎవరో ఆ ముందు సొట్ట ఎలా పడిందని అడిగారు. వరదల్లో కాన్పు చెయ్యడానికి వెళ్తుంటే గేదె అడ్డొచ్చిందట. వెనక సీటు మీద ముగ్గురు పుట్టారట. అందులో ఒకడు ఇప్పుడు కానిస్టేబులట, సెంటర్లో కారు కనిపిస్తే సెల్యూట్ కొడతాడట. చూస్తుండగానే జనమంతా అటు చేరిపోయారు. బాగా పునరుద్ధరించిన కారుగా కప్పు నాకే వచ్చింది. కప్పు పట్టుకుని డాక్టరు గారు, నేను, ఇద్దరమే మిగిలాం. ఆయన మొహం చూశాను. ఆయనకీ నాలాగే ఒళ్ళు మండుతోంది. నాకూ సొట్టలు పడ్డాయి, ఒకటి కాదు, యాభై. అన్నీ కొట్టి చదును చేసేశారు. ఇప్పుడు చెప్పుకోడానికి నా దగ్గర ఏముంది?

మధ్యాహ్నం బయల్దేరబోతే ఆవిడ కారు స్టార్టవలేదు. మస్తాన్ గారు బానెట్ ఎత్తి చూశారు. ఇంజను దగ్గర తిరుగుతూ కరెంటు పంచే చిన్న ముక్క ఉంటుంది, రోటర్ అంటారు. అరిగి అరిగి పగిలిపోయింది. ఆదివారం, షాపులు లేవు. ఉన్నా అది దొరకదు.

నాకు సంతోషమేసింది. దాచుకోవడమెందుకు, చాలా సంతోషమేసింది.

"ఆటోలో వెళ్తాలెండి," అందావిడ. "కాకపోతే రేపు ఆరింటికల్లా పక్కింటి సత్యవతిని డయాలసిస్‌కి తీసుకురావాలి. ఆటో కుదుపులకి ఆవిడ తట్టుకోలేదు."

మస్తాన్ గారు డాక్టరు గారి వైపు చూశారు. "మన బండిలోది సరిపోతుందండీ."

"అది ఒరిజినలయ్యా! ఏడాది వెతికితే దొరికింది."

"తెలుసండీ. వెతికింది నేనే కదా."

ఇవ్వకండి, ఇవ్వకండి అని నేను లోపల్లోపల మొత్తుకున్నాను. డాక్టరు గారు కప్పు కింద పెట్టారు. తర్వాత ఆయనే నా బానెట్ ఎత్తి, పన్ను పీకినంత జాగ్రత్తగా దాన్ని బయటికి తీశారు.

ఒక్క తిప్పుకి ఆవిడ కారు స్టార్టయింది. దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. నన్ను తోసి లారీ ఎక్కించారు.

పది రోజులకి ఆవిడ ఫోను చేశారు. వేరే రోటర్ దొరికిందట, ఇది పంపిస్తానంటున్నారు. డాక్టరు గారు ఒక చేత్తో నన్ను తుడుస్తూ, "పర్లేదు, ఉంచెయ్యండమ్మా. ఇది ఎలాగూ కదలదు కదా," అన్నారు. అన్నాక తుడిచే చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తుడిచారు.

నా ఒంట్లోంచి పోయిన ఆ బొటనవేలంత ముక్క ఇప్పుడు సోమవారం, గురువారం సత్యవతి గారిని కాకినాడ తీసుకెళ్ళి తీసుకొస్తోంది. గుంతల్లో పడి లేస్తోంది. గేట్ల దగ్గర రైళ్ళ కోసం ఆగుతోంది. నేనిక్కడ పట్టు గుడ్డ కింద నిలబడి ఉన్నాను. ఆ కారుని చూసి కుళ్ళుకోవడం ఎప్పుడో మానేశాను.

ఆ ముక్కని చూసే కుళ్ళుకుంటున్నాను.